మూడో ప్రకటన

కార్ఖానా బస్తీ వెనక సందుల్లో ఉన్న ఆ గుడిని అందరూ రాళ్ల గుడి అంటారు. దానికి ఒక పరిశుద్ధుడి పేరుంది, గేటు మీద చెక్కి కూడా ఉంది. కానీ ఆటోవాళ్లకు ఆ పేరు చెబితే మొహమొహాలు చూసుకుంటారు. రాళ్ల గుడి అంటే నేరుగా తెచ్చి దింపుతారు. ఎప్పుడో దొరల కాలంలో సిపాయిల కోసం కట్టిన గుడి అది. ఇప్పుడు సీతాఫల్‌మండి నుంచీ, రైల్వే క్వార్టర్ల నుంచీ వచ్చే తెలుగు కుటుంబాలు అందులో కూర్చుంటాయి. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు, ముందు మెట్టు మీద అడ్డంగా క్వైరు. ఎవరి బెంచీ ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు. అయినా కొత్తవాళ్లెవరైనా తెలియక ఇంకొకరి చోట కూర్చున్నారా, ఆ ఆదివారం ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కదు.

జయశీల్ ఆ గుడిలోనే బాప్తిస్మం పొందాడు. ఆ గుడి క్వైరులోనే అతని గొంతు పగిలి మగగొంతు అయింది. తండ్రి రైల్వేలో ఫిట్టరు, ఉద్యోగంలో ఉండగానే పోయాడు. తల్లి దీనమ్మ మిషన్ బడిలో ఆయాగా చేసి ఒక్కగానొక్క కొడుకును పెంచింది. ఇప్పుడు అతనికి నలభై దగ్గర పడుతున్నాయి. మోండా మార్కెట్ పక్కన మౌలా అలీ అనే ఆయన కళ్లద్దాల దుకాణంలో పని. డాక్టర్లు రాసిన నంబరు ప్రకారం అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెడతాడు. మాట తక్కువ. పాట ఎత్తుకుంటే మాత్రం వెనక బెంచీల్లో కునికే పెద్దమనుషులు కూడా సర్దుకుని కూర్చుంటారు. ఆ గొంతుకు సాన పట్టింది క్వైరు మాస్టరు ఆశీర్వాదం సార్. తండ్రి పోయిన పిల్లవాణ్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన నిలబెట్టుకున్నాడు. జయశీల్ నిలబడే చోటు అప్పటి నుంచీ అదే.

గుడిలో ఎవరు చనిపోయినా మొదటి ఫోను పాస్టరు అయ్యగారికి పోతుంది, రెండోది జయశీల్‌కు. శవపెట్టె దగ్గర పాడాలి, స్మశానం దగ్గర పాడాలి, తిరిగొచ్చాక ఏడ్చేవాళ్లకు టీ పోయాలి. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టేది అతనే, పండుగ అయ్యాక మర్చిపోకుండా విప్పేదీ అతనే. అంత పనికొచ్చే మనిషిని ఎవరు వదులుతారు? గుడి మొత్తం అతన్ని ప్రేమించింది. ప్రేమించింది కాబట్టే ప్రాణం తీసింది. పెళ్లెప్పుడు, పెళ్లెప్పుడు అని ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద నిలబెట్టి అడగని ఆడమనిషి లేదు. నవ్వి ఊరుకుని, ఏదో పని ఉన్నట్టు కుర్చీలు సర్దడానికి లోపలికి వెళ్లిపోయేవాడు. అందుకే ఆ గుడిలో కుర్చీలు ఎప్పుడూ అంత చక్కగా సర్ది ఉండేవి.

అసలు సంగతి అతనికి తెలుసు. మీసం రాకముందే తెలుసు. తోటి పిల్లలు ఆడవాళ్ల బెంచీల వైపు దొంగచూపులు చూస్తున్న వయసులో అతని చూపు పక్కన పాడుతున్న కుర్రాడి మెడ మీద ఆగిపోయేది. మొదట్లో అది ఏమిటో తెలియక భయపడ్డాడు. తర్వాత తెలిసి భయపడ్డాడు. ఇరవైల్లో భానుప్రకాశ్ అని ఒక స్నేహితుడు ఉండేవాడు, పక్కనే గడియారాల దుకాణంలో పనిచేసేవాడు. ఇద్దరూ కలిసి తిన్నారు, కలిసి తిరిగారు, ఒకరికొకరు ఏమవుతారో మాత్రం ఏనాడూ పైకి అనుకోలేదు. భానుప్రకాశ్‌కు ఇంట్లో పెళ్లి కుదిర్చారు. జయశీల్ ఆ పెళ్లికి వెళ్లి పంక్తుల్లో వడ్డించి వచ్చాడు. మరునాడు దుకాణంలో మంచి అద్దం ఒకటి చేతిలోనే విరిగింది. ఏమైందని మౌలా అలీ అడిగితే జ్వరం అన్నాడు. జ్వరమైతే బాగుండేది, దిగిపోయేది.

ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వచ్చాయంటే ఉపవాసం పట్టేవాడు. గుడిలో చాలామంది పడతారు. ఒకరు కొడుకు ఉద్యోగం కోసం, ఒకరు మోకాళ్ల నొప్పుల కోసం. జయశీల్ ఎందుకు పడుతున్నాడో ఎవరూ అడగలేదు, మంచి భక్తిపరుడు అనుకున్నారు. ఏటేటా అతను అడిగింది ఒకటే. నన్ను మార్చు ప్రభువా, ఇంకేమీ వద్దు. ఈస్టరు వచ్చేది. గుడి నిండా పూలు, కొత్త బట్టలు, తలుపులు తెరిచి పెట్టి గొంతులెత్తి పాటలు. అతను మాత్రం పాత జయశీల్‌గానే ఇంటికి పోయేవాడు. తన అడగడంలోనే లోపముందనుకునేవాడు గానీ, దేవుడు జవాబు చెప్పేశాడేమో అన్న ఆలోచన అతనికి ఒక్కసారీ రాలేదు.

అట్లాంటి సమయంలో మేబెల్ సంబంధం వచ్చింది. ఆమె ఆస్పత్రిలో డయాలిసిస్ విభాగంలో నర్సు. ముప్పై నాలుగేళ్లు. నెమ్మదైన మనిషి, రెండేళ్ల కిందట వేరే చర్చి నుంచి ఈ గుడికి మారింది. ఎందుకు మారిందో చాలామందికి తెలుసు, ఆమె ముందు మాత్రం ఎత్తరు. గుడి ఆడవాళ్లే మాట కలిపారు. దీనమ్మ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఆ సంతోషంలోనూ, కొడుకు ఈసారీ తప్పించుకుంటాడనే అనుకుంది. జయశీల్ సరే అన్నాడు.

అతను చేసిన తప్పు ఇదీ. అది మోసగాడు చేసే తప్పు కాదు, భక్తుడు చేసే తప్పు. దారి కనిపించకపోయినా విశ్వాసంతో నీళ్లలో కాలు పెట్టు, నీళ్లు విడిపోతాయి అని చిన్నప్పటి నుంచీ ఆ గుడిలో విన్నాడు. ఇన్నేళ్లూ గట్టున నిలబడి అడిగాను కాబట్టే జరగలేదు, అడుగు ముందుకు వేస్తే దేవుడే మారుస్తాడు అనుకున్నాడు. ఆ నీళ్లలోకి ఇంకొక మనిషిని కూడా చెయ్యి పట్టి దింపుతున్నానని అతనికి తోచలేదు.

వాళ్ల గుడుల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారుడు ఫలానా, ఫలానా వారి కుమార్తె ఫలానా వివాహమాడబోతున్నారు, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయాలి అని అయ్యగారు అడిగి కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు, ఎవరైనా లేస్తారేమోనని. ఎవరూ లేవరు. ఆ గుడి పుట్టాక ఎవరూ లేచిన దాఖలా లేదు. ఆ తర్వాత అందరూ పెళ్లికొడుకు వైపు చూసి ముసిముసిగా నవ్వుతారు.

మొదటి ఆదివారం కృపానందం అయ్యగారు తన పేరు చదివి ఆగినప్పుడు జయశీల్ కూడా పిల్లల్లాగే బెంచీల వైపు చూశాడు. ఎవరైనా లేస్తే బాగుండునని అనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు. రెండో ఆదివారం సిగ్గు కూడా పడలేదు. లేవండి, ఎవరైనా లేవండి అని లోపల బతిమాలుకున్నాడు. ఎవరు లేస్తారు? ఆ అభ్యంతరం తెలిసినవాడు గుడి మొత్తంలో అతనొక్కడే.

రెండో ప్రకటన అయిన మర్నాడు జనరల్ బజారులో పెళ్లి చీర కొనడానికి వెళ్లారు. తెల్ల చీరలు పరిచి చూపిస్తుంటే మేబెల్ ఒకటి తీసి పక్కన పెట్టింది. మొదటిసారి ఇట్లాంటిదే కొన్నానని మామూలుగా చెప్పింది. నాలుగేళ్ల కిందట ఆ పాత చర్చిలో ఆమెకు రెండు ప్రకటనలు అయ్యాయి. మూడోది కాలేదు. పెళ్లికొడుకు వాళ్లు ఉభయుల అంగీకారంతో విరమించుకున్నామని అయ్యగారి చేత చదివించి ఊరుకున్నారు. ఏమైందో ఆమెకే ఈనాటికీ తెలియదు. జనానికి మాత్రం అన్నీ తెలుసు. ఆరోగ్యం బాగాలేదట అన్నారు, ఆస్పత్రిలో ఎవరితోనో ఉందట అన్నారు. ఆ మాటలు పడలేకే గుడి మారింది. ఈ కథంతా చెప్పి, మీరు నన్ను ఏమీ అడక్కుండా సరే అన్నారు, అందుకే మీరంటే గౌరవం అంది. జయశీల్ ఆ చీర ధర అడిగి, చెప్పాక మళ్లీ అదే అడిగాడు.

ఇక నిలవలేకపోయాడు. గురువారం సాయంత్రం అయ్యగారింటికి వెళ్లి తలుపు వేయమని చెప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జన్మలో మొదటిసారి ఆ సంగతి అతని నోటి నుంచి బయటికొచ్చింది. కృపానందం అయ్యగారు చెడ్డ మనిషి కాదు. బైబిలు వాక్యాలేవీ ఎత్తలేదు, తిట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి, ఆపేద్దాం అన్నారు. మూడో ప్రకటన చదవను, ఉభయుల అంగీకారంతో విరమించుకున్నారని చెప్తాను, నీ సంగతి నా దగ్గరే ఉంటుంది, నువ్వు ఎప్పటిలాగే పాడుకో అన్నారు. జయశీల్‌కు ప్రాణం లేచొచ్చినట్టయింది. అంత సులువుగా తెమిలిపోతుందని అనుకోలేదు. ఉభయుల అంగీకారం అన్న ఆ మాట అంతకుముందు ఎక్కడ విన్నాడో గుర్తొచ్చేసరికి సగం దారిలో ఉన్నాడు.

శనివారం మేబెల్ డ్యూటీ దిగాక స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కలిశారు. చాయ్ వచ్చింది. జయశీల్ నీళ్లు నమలకుండా చెప్పేశాడు. ఆమె కప్పు సాసరులో పెట్టి అతని వైపే చూసింది. ఏడవలేదు. రోజూ మరణం అంచున ఉన్నవాళ్ల పక్కన నిలబడే మనిషి, చిన్నదానికి కదలదు.

"ఎప్పటి సంది తెలుసు మీకు?" అని అడిగింది.

"చిన్నప్పటి సంది."

"అంటే మొదటి ఆదివారం సుత తెలుసు."

"తెలుసు."

"మీరు గట్ల ఉన్నందుకు నాకు కోపం లేదు," అంది. "మా వార్డుల అన్ని తీర్ల మనుషులను చూస్త నేను. తెలిసి తెలిసి నా పేరు గుడిల చదివించిండ్రు చూడండి, అది నా పానానికి తాకింది."

జయశీల్ తల దించుకున్నాడు. అయ్యగారు ఏం చేద్దామన్నారో చెప్పాడు. ఉభయుల అంగీకారం అన్న మాట వినగానే ఆమె మొహం మారిపోయింది. అప్పటిదాకా పట్టుకున్న నిబ్బరమంతా ఆ ఒక్క మాటకు జారింది.

"మళ్ల గదే మాటనా? ఎవరి అంగీకారం? నన్నెవరడిగిండ్రు?" గొంతు పెంచలేదు. "మీరు రేపు సుత క్వైరుల నిలబడి పాడుకుంటరు. పాపం జయశీల్ అంటరు. నన్ను మాత్రం, రెండుసార్లు ఆగిందంటే ఆ పిల్లకే ఏదో ఉందంటరు. ఇగ నేను ఏ గుడికి మారాలె?"

ఆ ప్రశ్నకు జవాబు ఒకటే ఉంది. అది అతనికీ తెలుసు. నిజం చెప్పాలంటే, తప్పించుకునే దారి కోసం ఒకటికి రెండుసార్లు వెతుక్కున్నాడు. దొరకలేదు. తను నోరు మూసుకుంటే తన చోటు తనకుంటుంది, ఆమె పేరు పోతుంది. నోరు తెరిస్తే ఆమె పేరు నిలుస్తుంది, తనకు ఆ గుడిలో చోటు ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఆ గుడి తప్ప అతనికి వేరే లోకం లేదు. హోటల్ బయటికి రాగానే అయ్యగారికి ఫోన్ చేసి, మూడోసారి కూడా చదవండి, అడగాల్సింది అడగండి, జవాబు నేను చెప్తాను అన్నాడు. ఆలోచిస్తానని ఆయన ఫోను పెట్టేశారు.

ఇంటికొచ్చేసరికి దీనమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని ఆమెకూ చెప్పాడు. తల్లికి అది బొత్తిగా తెలియని సంగతేం కాదు. ఇన్నేళ్లుగా తెలిసీ తెలియనట్టు ఉండటం ఆమెకు అలవాటైపోయింది, అంతే. ఆమె చేతులు ఆగలేదు. కాయలు అయిపోయాక ఒట్టి తొక్కులు కూడా ఒకసారి ఒలిచింది. సరే, పెళ్లి వద్దంటే వద్దు, నా రాత అనుకుంటా అంది. రేపు గుడిలో చెప్తానని అతను అన్నప్పుడు మాత్రం చేటను పక్కకు నెట్టేసింది.

"ఇంట్ల చెప్పినవు, విన్న. కడుపుల పెట్టుకుంట. గుడిల నిలబడి చెప్పినవనుకో, నేను మళ్ల ఆ గుడి మెట్టెక్క. నీ నాయినను పెట్టెల పెట్టి తీస్కపోయింది ఆ గుడిలకెల్లే. రేపు నన్ను తీస్కపోవాల్సింది సుత ఆడికెల్లే. అది నాకు లేకుంట చేయకు."

"చెప్పకపోతే ఆ పిల్ల ఆగమైతది అమ్మా," అన్నాడు జయశీల్.

"మరి నేను?"

ఆ రాత్రి ఇద్దరూ తిన్నారో లేదో ఒకరినొకరు అడగలేదు.

తెల్లవారి లేచి ఎప్పటిలాగే మోకరించాడు. ఎప్పుడూ మొదలుపెట్టే మాటతోనే మొదలుపెట్టబోయాడు. నన్ను మార్చు. ఆ మాట నోట్లోకి రాలేదు. బలవంతంగా తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు. ఇట్లాగే వస్తున్నాను, నాలుక తడబడకుండా చూడు అన్నాడు. ఇన్నేళ్లూ దేవుడితో తను కాని మనిషి గురించే మాట్లాడాడు. తన గురించి మాట్లాడింది ఆ పొద్దుననే. ఆ సంగతి తట్టి, ఏడుపొచ్చింది. ఆ ఏడుపు బాధతో వచ్చింది కాదు. చాలా ఏళ్ల తర్వాత సొంత ఇంట్లో కాలు పెట్టిన మనిషికి వచ్చే ఏడుపు.

గుడికి దీనమ్మ విడిగా ఆటోలో వచ్చింది. మానేస్తుందేమో అనుకున్నాడు, వచ్చింది. ఎప్పటిలాగే ఆడవాళ్ల వైపు మొదటి బెంచీ చివర, నడవ పక్కన కూర్చుంది. ప్రకటనలు చదివే ఆదివారాల్లో కాబోయే కోడలు అత్తగారి పక్కన కూర్చోవడం అక్కడ ఆనవాయితీ. మేబెల్ వచ్చి ఆ పక్కనే కూర్చుంది. ఇద్దరూ పలకరించుకోలేదు. వెనక ఆడవాళ్లు వాళ్లిద్దరినీ చూసి ముచ్చటపడుతున్నారని వాళ్ల మొహాలే చెబుతున్నాయి.

పాటలయ్యాయి, బైబిలు పఠనాలయ్యాయి. ప్రసంగంలో అయ్యగారు రెండుసార్లు మాట మరిచిపోయి ముందు చెప్పిందే మళ్లీ చెప్పారు. ఎండకు అలిసిపోయారనుకున్నారు జనం. ఆ తర్వాత ప్రకటనలు. స్త్రీల మైత్రి కూటం ఎప్పుడో చెప్పారు. అంత్యక్రియల నిధి గురించి చెప్పారు. కాగితం మడిచారు. చదవరేమో అనుకున్నాడు జయశీల్. అయ్యగారు కాగితం మళ్లీ విప్పి, తల ఎత్తకుండా మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం ఎవరికైనా ఉంటే అని అడిగి ఆగారు. ఎప్పుడూ ఆగేదానికంటే ఎక్కువ ఆగారు.

జయశీల్ లేచి నిలబడ్డాడు. పాట ఎత్తడానికి లేచాడనుకుని ఆశీర్వాదం సార్ చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు.

"అయ్యగారూ, అభ్యంతరం నాకుంది," అన్నాడు. "మేబెల్ తప్పేం లేదు. వాళ్లింటోళ్ల తప్పేం లేదు. నా మనసు ఆడోళ్ల దిక్కు పోదు. పుట్టినప్పటి సంది గంతే. మార్చమని దేవుణ్ని మస్తు అడిగిన. మార్చలే. గిట్లనే ఉంచిండు, గిట్లనే మీ ముందర పాడిచ్చిండు. తెలిసి సుత ఈమె పేరు నా పేరు పక్కన చదివించిన. అది నా తప్పు. నన్ను క్షమించమని ఆమెను అడుగుతున్న. పెళ్లి ఎందుకు ఆగిందని రేపు ఎవరన్నా అడిగితే, నా పేరు చెప్పండ్రి."

కూర్చున్నాడు.

చెవులు కొరుక్కోవడం మొదలైంది, వానకు ముందు ఎండుటాకుల చప్పుడులాగా. మగవాళ్ల వైపు కమిటీ సభ్యుడొకడు చెప్పులు టపటపలాడించుకుంటూ బయటికి పోయాడు. వెనక ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది. ఎవరి కోసం చీదిందో తెలియదు. మేబెల్ తల ఎత్తి తిన్నగా ముందుకు చూస్తోంది. ఇన్ని ఆదివారాల్లో ఆమె తల అంత నిటారుగా ఉండటం జయశీల్ చూడలేదు. ఆ ఒక్కటీ చాలు అనుకున్నాడు. అదే క్షణంలో తల్లి బ్యాగు భుజానికి తగిలించుకుని లేవడం కనిపించింది. చాలు అనుకున్నవాడికి ఇక అది చాలలేదు.

అయ్యగారు ఏమీ వ్యాఖ్యానించలేదు. ఆరాధన క్రమంలో తర్వాత ఏముందో అదే చేశారు. సమాధానం, అంటే దేవుని శాంతి, ఒకరికొకరు ఇచ్చుకునే సమయమది; అందరూ లేచారు. ఆ గుడుల్లో సమాధానం నోటితో చెప్పి ఊరుకోరు. ప్రభువు బల్ల దగ్గర నుంచి వచ్చి అయ్యగారు మొదటి మనిషి చేతులను తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, దేవుని సమాధానం మీకు అంటారు. ఆ మనిషి పక్కవాళ్లకు, ఆ పక్కవాళ్లు ఇంకొకరికి. చేతుల్లోంచి చేతుల్లోకి అది బెంచీ బెంచీకీ నడుస్తుంది. రాళ్ల గుడిలో ఇంకొక పద్ధతి ఉంది, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఆడవాళ్ల వైపుకు అది క్వైరు మీదుగానే పోతుంది. క్వైరు వరస చివర నిలబడ్డ పిల్ల దిగి, మొదటి బెంచీలో నడవ పక్కన ఉన్నామెకు ఇస్తుంది. అక్కడ ఆగిందంటే ఆడవాళ్లందరికీ ఆగినట్టే.

అయ్యగారు వచ్చి ఆశీర్వాదం సార్‌కు ఇచ్చారు. సార్ తీసుకుని జయశీల్ వైపు తిరిగాడు. చేతులు ఎత్తాడు. ఆ చేతులు సగంలో ఆగాయి. డెబ్బై దాటిన మనిషి, గొంతెట్లా ఎత్తాలో నేర్పిన మనిషి, జయశీల్ మొహం చూడలేక నేల చూశాడు. చేతులు మెల్లగా తన గుండె దగ్గరికే తీసుకున్నాడు. అతనిలో పగ లేదు, అసహ్యం కూడా లేదేమో. చేతులు ముందుకు రాలేదు, అంతే. జయశీల్ చాపిన చేతులు చాపినట్టే ఉన్నాయి. గుడి మొత్తం చూస్తోంది.

జయశీల్‌కు అవతలి పక్కన జకర్యా మామ ఉన్నాడు. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరైన మనిషి, మంద్రం పాడతాడు. అతని కళ్లద్దాలు జయశీల్ చేసినవే గానీ వాటితోనూ పెద్దగా కనిపించదు. చెవులు మాత్రం పాము చెవులు. అంతా విన్నాడు. ఇప్పుడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఇయ్యిరా," అన్నాడు మెల్లగా.

"నాకు రాలే మామా," అన్నాడు జయశీల్.

"రాకుంటే ఏమాయె. అయ్యగారు సుత దాన్ని ఇంట్లకెల్లి తెచ్చిండా? దేవుడు ఇస్తే అందరికి వచ్చింది. నీకు ఆయన ఎప్పుడో ఇచ్చే ఉంటడు. నా చేతులు ఖాళీగున్నయి, అవతల ఆడోళ్లు నిలబడ్డరు. ఇయ్యి."

జయశీల్ తన చేతులు చూసుకున్నాడు. ఎవరి నుంచీ ఏదీ అందని చేతులు. వాటిని తిప్పి, జకర్యా మామ ముడతలు పడ్డ చేతిని మధ్యలో పెట్టుకున్నాడు. దేవుని సమాధానం మీకు అన్నాడు. ఈ మాట ఎన్ని వందలసార్లు అన్నాడో. తను అనడానికి తగినవాణ్నని నమ్మి అన్నది ఇదే మొదలు. మామ గట్టిగా ఒక్కసారి నొక్కి, పక్కకు తిరిగాడు. మంద్రం వాళ్ల నుంచి ఆడ గొంతుల వాళ్లకు, వాళ్ల నుంచి వరస చివరి పిల్లకు పోయింది. మధ్యలో ఒకామె చేతులు చాపకుండా వేళ్లు తగిలించి తీసుకుంది. ఇంకొకతను కళ్లు మూసుకుని తీసుకున్నాడు. తీసుకోవడమైతే తీసుకున్నారు.

చివరి పిల్ల మెట్టు దిగింది. మొదటి బెంచీ చివర దీనమ్మ బ్యాగు భుజాన వేసుకుని, వెళ్లడానికి ఒక కాలు నడవలో పెట్టి నిలబడి ఉంది. పిల్ల ఆమె ముందు చేతులు చాపి ఆగింది. అది ఎవరి చేతుల మీదుగా వస్తోందో దీనమ్మకు తెలుసు, మొదటి నుంచీ చూస్తూనే ఉంది. ఒంటి చేత్తో తీసుకునేది కాదది. దీనమ్మ క్వైరు వైపు ఒకసారి చూసింది. కొడుకును చూసిందో, గోడను చూసిందో చెప్పలేం. ఆ తర్వాత భుజాన ఉన్న బ్యాగు దింపి కింద పెట్టి, రెండు చేతులూ కలిపి ముందుకు చాచింది. తీసుకుని, పక్కకు తిరిగి, మేబెల్ చేతులు అందుకుంది.